కింద సముద్రం, పైన కొండ: ఆర్కిటిక్ డైవింగ్ యాత్రలో కొండలెక్కడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నార్వేకి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో ఉన్న దీవుల గుంపు స్వాల్‌బార్డ్. అందులోని నీ-ఓలెసున్‌కి నేను రెండు వేసవులు వెళ్లాను. రెండుసార్లూ కెల్ప్ అనే పెద్దాకుల సముద్రపు నాచు మీద పనిచేసే బృందంతోనే. మొదటిసారి పడవలో డైవర్ తాడు పట్టుకునే టెండర్‌ని, రెండోసారి నీళ్లలోకి దిగే డైవర్‌ని. అప్పటి నుంచి విశాఖ జూనియర్లు, జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్లు, వాళ్ల స్నేహితులు అవే డౌట్లు అడుగుతున్నారు. విచిత్రం ఏంటంటే డైవింగ్ గురించి అడిగేవి తక్కువ, కొండల గురించి అడిగేవి ఎక్కువ. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## బయల్దేరే ముందు

డైవింగ్ పని మీద వెళ్తూ కొండలెక్కడం ఏంటి? అంత టైమ్ ఉంటుందా?

ఉంటుంది, మీరు కోరుకోకపోయినా ఉంటుంది. గాలి కాస్త గట్టిగా వీస్తే చిన్న పడవ బయటికి తీయరు. పొగమంచు దిగితే తీయరు. మంచుగడ్డలు గట్టుకు కొట్టుకొచ్చినా తీయరు. నాలుగు వారాల యాత్రలో వారం రోజులు ఇలా పోవడం మామూలే. పైగా వరుసగా డైవ్ చేసినవాళ్లకు మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇస్తారు. ఊరి వెనకే కొండ, చేతిలో ఖాళీ, నడిరాత్రి కూడా వెలుతురు. ఎవరికైనా కాళ్లు ఆగవు. అందుకే వద్దనడం కన్నా ఎప్పుడు, ఎలా అన్నది ముందే మాట్లాడుకోవడం మంచిది.

నీ-ఓలెసున్ అంటే ఎక్కడ? అక్కడ ఊరుంటుందా?

ఉత్తర అక్షాంశం 78 డిగ్రీల 55 నిమిషాల దగ్గర, కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే సముద్రపు పాయ ఒడ్డున. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. 1962 నవంబరులో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు, ఆ తర్వాత గని మూసేశారు. ఆ దెబ్బకు మరుసటి ఏడాది నార్వే ప్రభుత్వమే పడిపోయింది. ఇప్పుడది పూర్తిగా పరిశోధనా కేంద్రాల ఊరు. చలికాలంలో ముప్పై నలభై మంది, వేసవిలో వంద దాటి ఉంటారు. మన దేశపు హిమాద్రి కేంద్రం 2008 జూలై 1 నుంచి అక్కడే ఉంది. గనుల కాలంనాటి చెక్క ఇళ్లు, చిన్న రైలు ఇంజను ఇంకా అలాగే ఉన్నాయి. ఊరి బయట నిలబడ్డ ఇనుప స్తంభానికే 1926లో అముండ్‌సెన్ బృందపు నార్గె ఎయిర్‌షిప్‌ని కట్టారు. ఉత్తర ధ్రువం మీదుగా అలాస్కా వెళ్లింది ఇక్కడి నుంచే.

తిరుమల మెట్లు రెండు సార్లు ఎక్కాను. ఆ ఫిట్‌నెస్ సరిపోతుందా?

ఊపిరికి సరిపోతుంది, కాళ్లకు చాలదు. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కడం చిన్న విషయం కాదు. కానీ అక్కడ మెట్టు కదలదు. ఇక్కడి కొండ వాలంతా పగిలిన రాళ్లే. అడుగు వేస్తే రాయి జారుతుంది, ఒకటి పైకెక్కితే సగం కిందికొస్తారు. ఎత్తు చూస్తే ఊరి వెనకున్న జెప్పెలిన్ కొండ 556 మీటర్లు, అంతే. కష్టమంతా దిగేటప్పుడే. వెళ్లే రెండు నెలల ముందు నుంచి బరువు సంచి వేసుకుని మెట్లు దిగడం అలవాటు చేసుకోండి. అవును, దిగడమే, ఎక్కడం కాదు. మోకాళ్లకు పని పడేది అక్కడ.

స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదట కదా, మరి షెంగెన్ ఎందుకు?

స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదన్న మాట నిజమే. కానీ అక్కడికి వెళ్లే విమానం నార్వే ప్రధాన భూభాగం నుంచి ఎక్కాలి, అందుకు షెంగెన్, అంటే చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా పనిచేసే వీసా, కావాలి. స్వాల్‌బార్డ్ షెంగెన్ బయట ఉంది కాబట్టి అక్కడికెళ్లి తిరిగి ఓస్లోలో దిగితే అది రెండో ప్రవేశం. సింగిల్ ఎంట్రీ వీసా తీసుకున్నవాళ్లు వెనక్కి రాలేక ఇరుక్కుంటారు. కనీసం డబుల్ ఎంట్రీ అడగండి. జర్మనీ, ఫ్రాన్స్‌ల రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు.

డైవింగ్‌కీ, కొండకీ ఏ నెల మంచిది?

రెండింటికీ ఒకే నెల కుదరదు. జూన్ మొదట్లో నీళ్లు తేటగా ఉండొచ్చు గానీ కొండ మీద మెత్తటి మంచు తొడల దాకా దిగుతుంది. జూలై, ఆగస్టుల్లో కొండ మీది మంచు చాలావరకు పోతుంది. అప్పుడు హిమనదాలు కరిగి బురదనీళ్లు సముద్రంలోకి వచ్చి కింద ఏమీ కనిపించని రోజులుంటాయి. ఆగస్టు చివరి వారం వరకు సూర్యుడు అస్తమించడు, సెప్టెంబరు వచ్చిందంటే చీకటి వేగంగా పెరుగుతుంది. బృందం తేదీలు ఎలాగూ పనిని బట్టే పెడతారు. నన్నడిగితే ఆగస్టు మధ్య భాగం.

డ్రై సూట్ లోపల వేసుకునే బట్టలే కొండకూ వాడొచ్చా? లగేజీ తగ్గుతుంది.

వాడకండి. డ్రై సూట్ అంటే నీళ్లు లోపలికి రానివ్వని డైవింగ్ సూట్. దాని లోపలి ఆ మందపాటి అండర్‌సూట్ నీళ్లలో కదలకుండా ఉన్నప్పుడు వెచ్చగా ఉంచడానికి చేసింది. దాన్ని వేసుకుని రాళ్లెక్కితే పది నిమిషాల్లో చెమటతో తడిసి ముద్దవుతుంది. ఆ తడి ఆరకుండా మర్నాడు అదే తొడుక్కుని మూడు నాలుగు డిగ్రీల నీళ్లలోకి దిగితే సగం డైవ్‌కే వణుకు మొదలు. కొండకు పల్చటి ఉన్ని బనియన్ ఒకటి, దాని మీద ఫ్లీస్, గాలీ వానా ఆపే జాకెట్ చాలు. సంచిలో ఒక దళసరి కోటు వేరుగా ఉంచుకోండి, ఆగినప్పుడు తొడుక్కోవడానికి. కాటన్ బనియన్ ఇంట్లోనే వదిలేయండి. జూలైలో కూడా అక్కడి సగటు ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలే.

ఇంకోటి, చెప్పులు. స్వాల్‌బార్డ్‌లో ఇళ్లలోకి బూట్లతో వెళ్లరు, గనుల కాలం నుంచి వస్తున్న అలవాటు. లోపల తిరగడానికి మెత్తటి చెప్పులు తెచ్చుకోండి.

అక్కా, తిండి సంగతేంటి? ఆవకాయ తీసుకెళ్లనిస్తారా?

నేను తీసుకెళ్లాను. రెండు కవర్లు వేసి, టేపు చుట్టి, దాన్ని మళ్లీ డబ్బాలో పెట్టి. మాంసం, పాల పదార్థాలు మాత్రం యూరప్ బయటి నుంచి నార్వేలోకి తేకూడదు. నెయ్యి, పాలకోవా లాంటివి ఆశ పెట్టుకోవద్దు. అక్కడ అందరికీ ఒకే భోజనశాల, టైమ్ ప్రకారం పెడతారు. శాకాహారం అంటే ముందే చెప్పాలి. ఆకలితో చచ్చేదేమీ లేదు, కారానికే మొహం వాచిపోతాం.

హిమాద్రి ద్వారా వెళ్తే డైవింగ్ చేయొచ్చా?

మన ఆర్కిటిక్ కార్యక్రమాన్ని గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నడుపుతుంది. పరిశోధన ప్రతిపాదన పంపి, ఎంపికైతే వెళ్లడం. ఆ ప్రతిపాదనల్లో హిమనదాలు, వాతావరణం, సముద్రపు నీటి మీద పని ఎక్కువ. 2014లో మనవాళ్లు అదే ఫ్యోర్డ్‌లో, అంటే ఊరి ముందున్న సముద్రపు పాయలో, ఇండార్క్ అనే పరికరాల వరుసను సుమారు 190 మీటర్ల లోతున దింపారు. దానికి మనుషులు మునగాల్సిన పని లేదు, ఓడ మీద నుంచి దింపుతారు. మనిషి దిగి నాచు కోసి, లెక్కపెట్టి తెచ్చే డైవింగ్‌కి అక్కడ జర్మన్-ఫ్రెంచ్ కేంద్రానిదే పెద్ద పేరు. డైవరుగా వెళ్లాలనుంటే యూరప్ విశ్వవిద్యాలయంలో సైంటిఫిక్ డైవింగ్ శిక్షణ పొంది ఆ దారిన వెళ్లినవాళ్లనే నేను చూశాను. రుషికొండలో నేర్చుకున్న స్కూబా సర్టిఫికెట్ మొదటి మెట్టుగా పనికొస్తుంది, అంతకు మించి కాదు.

## చేరిన మొదటి వారం

దిగగానే ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ ఆపమంటారట, నిజమేనా? కొండ మీద దారి తప్పితే ఎలా?

నిజం. ఊరి నుంచి 20 కిలోమీటర్ల దాకా వైఫై, బ్లూటూత్ నిషిద్ధం. అక్కడి భూమాపన కేంద్రం పెద్ద డిష్‌లతో కోట్ల కాంతి సంవత్సరాల అవతల నుంచి వచ్చే బలహీనమైన సంకేతాలు వింటుంది. మీ స్మార్ట్ వాచ్ వాటికి మైకులో కేక పెట్టినట్టే. ఫోన్ ఫ్లయిట్ మోడ్‌లో పెట్టుకోండి. వాచ్‌లో బ్లూటూత్ ఆపడం చాలామంది మర్చిపోతారు. జీపీఎస్ సంకేతాలను అందుకోవడమే గానీ పంపడం ఉండదు కాబట్టి మ్యాప్ ముందే దించుకుంటే ఫ్లయిట్ మోడ్‌లోనూ పనిచేస్తుంది. మాట్లాడుకోవడానికి బృందానికి వీహెచ్ఎఫ్ రేడియో ఇస్తారు. ఊళ్లోంచి బయటికెళ్లే ముందు ఎవరెవరు, ఎక్కడికి, ఎన్నింటికి తిరుగొస్తారు అన్నది రాసి వెళ్లాలి. వచ్చాక వచ్చామని చెప్పాలి. రెండోది మర్చిపోతే మీకోసం జనం బయల్దేరతారు, మర్నాడు భోజనాల దగ్గర తలెత్తుకోలేరు.

తుపాకీ పట్టుకోవడం నిజంగా నేర్చుకోవాలా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

బృందంలో అందరికీ అక్కర్లేదు. కానీ ఊరి హద్దు దాటే ప్రతి గుంపులో ధ్రువపు ఎలుగుబంటిని బెదరగొట్టే సాధనం ఉండి తీరాలి, అది చట్టం. మామూలుగా సిగ్నల్ పిస్తోలు, దాంతోపాటు రైఫిల్ తీసుకెళ్తారు. రైఫిల్ తీసుకోవాలంటే అక్కడ శిక్షణ తీసుకుని గురి చూపించాలి. నేను జన్మలో బొమ్మ తుపాకీ తప్ప పట్టనిదాన్ని. మొదటి గుండుకు భుజం అదిరింది, మూడోదానికి భయం పోయింది, పదో దానికి అట్ట మీద బొక్క కనిపించింది. నడిచేటప్పుడు గుళ్లు మ్యాగజైన్‌లో ఉంటాయి, చాంబర్ ఖాళీగా ఉండాలి. దాదాపు నాలుగు కిలోల బరువు ఐదారు గంటలు భుజాన మోయాలి కాబట్టి వంతులేసుకోండి.

ముందు ఏ కొండ ఎక్కాలి?

జెప్పెలిన్. ఊరికి ఆనుకునే ఉంది, పొద్దున వెళ్లి భోజనానికి వచ్చేయొచ్చు. 474 మీటర్ల ఎత్తులో గాలిని కొలిచే కేంద్రం ఉంది. ఉత్తరార్ధగోళంలో గాలి ఎంత మారిందో చెప్పే కార్బన్ డయాక్సైడ్ లెక్కలు అక్కడి నుంచీ వస్తాయి. దానికో చిన్న రోప్‌వే ఉంది, అది అక్కడ పనిచేసేవాళ్లకే. "ఒక్కసారి ఎక్కించండి" అని అడగొద్దు, అడిగి నవ్వులపాలైనవాళ్లున్నారు. ఆ కేంద్రం చుట్టుపక్కల సిగరెట్, స్టవ్ లాంటివి వెలిగించకండి. అవతల కొలుస్తున్నది గాలినే.

అలవాటు పడ్డాక పడమటి వైపు షెటెలిగ్ కొండ ఉంది, ఎత్తు ఎక్కువ, దారి ఎక్కువ. ఫ్యోర్డ్ చివర కనిపించే మూడు కిరీటాల కొండలు, స్వెయా, నోరా, డానా, ఫొటోల్లో అందరినీ ఊరిస్తాయి. స్వీడన్, నార్వే, డెన్మార్క్‌ల పేర్లవి. ఒక్కోటి 1200 మీటర్లకు అటూ ఇటూ. వాటి చుట్టూ హిమనదాలే, ఖాళీ రోజున వెళ్లే చోటు కాదది.

## డైవ్ రోజులు, కొండ రోజులు

పొద్దున డైవ్ చేసి సాయంత్రం కొండెక్కొచ్చా? ఎలాగూ పొద్దుగుంకదు కదా.

వద్దు. నాకు ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నీళ్లలో పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా, గంటల తరబడి ఊపిరితో బయటికి పోవాలి. గోలీసోడా గోలీ నొక్కితే ఏమవుతుందో చూశారుగా, లోపల ఒత్తిడి తగ్గగానే కరిగిన గ్యాస్ బుడగలుగా పైకి తన్నుకొస్తుంది. డైవ్ అయ్యాక మన ఒళ్లు సగం తెరిచిన సోడా సీసా. నేల మీదే ఉంటే మెల్లగా సర్దుకుంటుంది. కొండెక్కితే మూత ఇంకాస్త తెరిచినట్టు. 556 మీటర్ల మీద గాలి ఒత్తిడి సముద్రమట్టం కన్నా ఆరేడు శాతం తక్కువ.

"అంతేనా, విమానమా ఏమన్నా?" అంటారు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం ఒక్క మామూలు డైవ్ చేసినవాళ్లు విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, రోజూ డైవ్ చేస్తున్నవాళ్లు 18 గంటలు ఆగాలి. ఆ సూచన 600 మీటర్ల ఎత్తు నుంచి మొదలవుతుంది. జెప్పెలిన్ దానికి కాస్త కిందే ఉంది కదా అని లెక్కలు తీసేవాళ్లూ ఉన్నారు. కానీ డైవింగ్ లెక్కల్లో 300 మీటర్ల నుంచే ఎత్తును పట్టించుకుంటారు. అసలు సంగతి ఎత్తు ఒక్కటే కూడా కాదు. డైవ్ అయిన వెంటనే ఒళ్లు బాగా శ్రమపడితే బుడగలు ఎక్కువవుతాయి. ఊపిరితిత్తులు వడకట్టాల్సిన బుడగలు వాటిని తప్పించుకుని ధమనుల్లోకి పోయే అవకాశమూ పెరుగుతుంది. చలికి చేతులూ కాళ్లూ బిగుసుకుపోయి రక్తం సరిగా ఆడకపోతే నైట్రోజన్ బయటికి పోవడమూ ఆలస్యమే. ఎత్తు, శ్రమ, చలి మూడూ ఒకే సాయంత్రం కలిపి మోపడం ఎందుకు?

మా బృందంలో ఆఖరి డైవ్ నుంచి కొండకు 24 గంటలు. ఎవరైనా గునిసినా సరే.

తిప్పి చేస్తే? పొద్దున కొండ, మధ్యాహ్నం డైవ్.

నైట్రోజన్ లెక్కలో తప్పు లేదు. ఎత్తు నుంచి దిగొచ్చినవాళ్ల ఒంట్లో అది ఎక్కువగా ఉండదు. ఇంకా చెప్పాలంటే డైవ్‌కి ఒక రోజు ముందు వ్యాయామం చేస్తే బుడగలు తగ్గాయని నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో ఎలుకల మీద, ఆ తర్వాత మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో చూశారు. అది 24 గంటల ముందు సంగతి, మూడు గంటల ముందు కాదు. కొండ దిగిన ఒళ్లు నీరు కోల్పోయి ఉంటుంది, కాళ్లు వణుకుతుంటాయి. ఆ కాళ్లతో ముప్పై కిలోల సామాను వేసుకుని ఊగే పడవ అంచు మీద కూర్చోవాలి. చేయడం వీలే, తెలివైన పని మాత్రం కాదు. ముందు రోజు కొండ, రాత్రంతా నిద్ర, మర్నాడు డైవ్. అదే బాగా కుదిరే వరుస.

కొండెక్కిన రాత్రి మోకాలు నొప్పి మొదలైంది. ఇది నడక వల్లా, డైవ్ వల్లా?

ఈ ప్రశ్న నేనే ఒక రాత్రి మంచం మీద కూర్చుని వేసుకున్నాను. రెండో వేసవి, వరుసగా మూడు రోజులు పదిహేను మీటర్ల డైవ్‌లు, ఒక రోజు ఆగి జెప్పెలిన్. దిగేటప్పుడు ఎడమ కాలు రెండుసార్లు జారింది. రాత్రి పదకొండుకు కిటికీలోంచి ఎండ పడుతోంది, ఎడమ మోకాలు లోపల్నుంచి సలుపుతోంది. పైన చెప్పిన బుడగల వల్ల వచ్చే డీకంప్రెషన్ జబ్బు కూడా చాలాసార్లు కీళ్ల నొప్పితోనే మొదలవుతుంది. లోపల మొద్దుగా, కదిపినా కదపకపోయినా ఒకేలా ఉండే నొప్పి దాని గుర్తు అంటారు. నాది మెట్టు దిగితే ఎక్కువవుతోంది, నొక్కితే ఒకచోట కలుక్కుమంటోంది. నడక నొప్పే అని తొంభై శాతం నమ్మకం.

మిగతా పది శాతం నన్ను పడుకోనివ్వలేదు. డైవ్ లీడర్ తలుపు తట్టాను. ఆయన లేచి చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, కళ్లు, నడక అన్నీ చూసి, ల్యాండ్‌లైన్‌లో డైవింగ్ డాక్టరుతో మాట్లాడించారు. ఆఖరి డైవ్ ఎన్ని గంటల కింద, ఎంత లోతు, ఎంతసేపు అని అడిగారు. అన్నీ డైవ్ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి చెప్పగలిగాను. చివరికి నడక నొప్పే అని తేలింది. నన్ను రెండు రోజులు నీళ్లలోకి దింపలేదు. ఆ రెండు రోజుల నమూనాలు ఇంకొకరు తెచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు.

మీకు అలాంటి రాత్రి వస్తే నొప్పి మాత్ర వేసుకుని పడుకోకండి. మాత్ర వేస్తే గుర్తు కూడా మాయమవుతుంది. లేపి చెప్పండి.

నేను టెండర్‌ని, నీళ్లలోకి దిగను. నాకు ఈ 24 గంటల రూల్ ఎందుకు?

ఒత్తిడి లెక్కలో మీకు అక్కర్లేదు. మీకు వేరే లెక్క ఉంది. డైవర్ ఒక తాడు చివర ఉంటాడు, ఆ తాడు మీ చేతిలో. ఒక లాగుడుకు ఒక అర్థం, రెండింటికి ఇంకోటి. రాత్రి రెండు దాకా కొండ మీద తిరిగి, నాలుగు గంటలు పడుకుని వచ్చి తాడు పట్టుకుంటే కళ్లు మూతలు పడతాయి. వెలుతురు ఉంది కదా అని టైమ్ తెలియక తిరిగేవాళ్లే ఎక్కువ. కళ్లకు కట్టుకునే నల్ల పట్టీ తెచ్చుకోండి, వాచ్ చూసి పడుకోండి.

కాలు బెణికితే మొత్తం యాత్ర ఆగిపోతుందా?

ఆగిపోవచ్చు. నీళ్లలో ఒకరు, సిద్ధంగా ఇంకొక డైవర్, తాడు పట్టేవాళ్లు, లీడర్. ఇంతమంది ఉంటేనే డైవ్. చిన్న బృందంలో ఒక్కరు కుంటితే లెక్క తప్పుతుంది, ఏడాది ముందు నుంచి చేసిన ఏర్పాట్లు ఒడ్డున కూర్చుంటాయి. పెద్ద దెబ్బ అయితే హెలికాప్టర్‌లో స్వాల్‌బార్డ్‌లోని పెద్ద ఊరు లాంగ్‌యర్‌బ్యెన్ ఆసుపత్రికి, అక్కడా కాకపోతే నార్వే ప్రధాన భూభాగంలోని ట్రామ్సోకి. కొండ దిగేటప్పుడు తొందరపడేవాళ్లను నేను మొహమాటం లేకుండా ఆపుతాను.

## కొండ మీద

ఎలుగుబంటి కనిపిస్తే ఏం చేయాలి?

అది దూరంగా ఉన్నప్పుడే చూడాలి, ఎక్కువ పని అక్కడే. మలుపు తిరిగే ముందు ఆగి బైనాక్యులర్‌తో చూడండి. కనిపిస్తే అందరూ ఒకచోట చేరి, దాన్నుంచి మెల్లగా వెనక్కి రండి, రేడియోలో ఊరికి చెప్పండి. పరుగెత్తకండి. 2025 నుంచి 300 మీటర్ల కన్నా దగ్గరికి వెళ్లకూడదన్న రూల్ ఉంది, మార్చి నుంచి జూన్ చివరి దాకా 500 మీటర్లు. ఫొటో కోసం ముందుకెళ్తే జరిమానా. దానంతట అదే మన వైపు వస్తే ముందు చప్పుడు, తర్వాత సిగ్నల్ పిస్తోలు, తుపాకీ చిట్టచివరిది. ఊళ్లో ఇళ్ల తలుపులకు తాళం వేయరు, ఎలుగు వస్తే దగ్గర ఏ తలుపు ఉంటే అందులోకి దూరడానికి. అవి బాగా ఈదుతాయి కూడా, అందుకే డైవ్ రోజున పడవలో ఒకరు ఒడ్డునే చూస్తూ ఉంటారు.

ఎలుగు సంగతి సరే, ఇంకేమన్నా మీద పడతాయా?

పడతాయి. ఆర్కిటిక్ టెర్న్ అనే తేలికపాటి సముద్రపు పిట్ట. నేల మీదే గుడ్లు పెడుతుంది, ఆ పక్కగా నడిస్తే నేరుగా నడినెత్తి మీద పొడుస్తుంది. రక్తం వస్తుంది. అది ఎత్తైన దాన్నే పొడుస్తుంది కాబట్టి తల పైకి ఒక కర్ర ఎత్తి పట్టుకుని నడవాలి. జూలైలో ఊళ్లో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు నెత్తి మీద కర్ర పెట్టుకుని భోజనానికి వెళ్తుంటే చూడముచ్చటగా ఉంటుంది.

వాగు దాటాల్సి వస్తే? హిమనదం మీద నడవొచ్చా?

పడమటి దారిలో బాయెల్వా అనే వాగు హిమనదం నుంచి వస్తుంది. పొద్దున మోకాలి లోతున్నది సాయంత్రానికి తొడల దాకా రావచ్చు, ఎండకు కరిగిన నీళ్లు ఆలస్యంగా చేరతాయి. పొద్దున దాటిన చోటే సాయంత్రం దాటగలమనుకోవద్దు. హిమనదం మీదికి తాడు, క్రాంపాన్లు (బూట్లకు కట్టే ముళ్ల చట్రాలు), పగుళ్లలోంచి మనిషిని తీయడం తెలిసినవాళ్లు లేకుండా అడుగు పెట్టకండి. మంచు కప్పిన పగులు పైకి కనిపించదు. అంచున నిలబడి చూడటానికి ఏ ఇబ్బందీ లేదు. దగ్గర్లోని మిడ్త్రె లోవెన్, ఔస్త్రె బ్రోగర్ హిమనదాలను 1960ల చివరి నుంచి ఏటా కొలుస్తున్నారు, రెండూ తరిగిపోతున్నాయి.

అంత కష్టపడి పైకెళ్తే ఏం కనిపిస్తుంది? కింద డైవ్ చేసేవాళ్లకు ఏమన్నా ఉపయోగమా?

నాకైతే చాలా ఉపయోగపడింది. కింద పడవలో ఉన్నప్పుడు ఫ్యోర్డ్ అంతా ఒకే నీలం బూడిద రంగు. మేం పనిచేసేది అవతలి ఒడ్డున బ్లోమ్‌స్ట్రాండ్ దీవి పక్కన, హాన్స్‌నెసెట్ అనే చోట. ఒక రోజు అక్కడ చేయి చాపితే వేళ్లు కనిపించేవి కావు, మర్నాడు కెల్ప్ ఆకు అంచు మీద పాకే చిన్న నత్త దాకా స్పష్టంగా కనిపించేది. కారణం అర్థం కాలేదు.

జెప్పెలిన్ మీదికి వెళ్లాక తెలిసింది. ఫ్యోర్డ్ లోపలి చివర క్రోనెబ్రేన్ హిమనదం ముందు నీళ్లు మన ఎర్రమట్టి చెరువు రంగులో ఉన్నాయి. అక్కడి ఎర్ర ఇసుకరాయిని హిమనదం నూరి నూరి పంపిన బురద అది. ఆ ఎరుపు నాలుకలా సాగి, గాలి ఎటు తోస్తే అటు వంగుతోంది. ఒక కొస దాదాపు మా డైవ్ చోటు దాకా వచ్చి ఆగింది. దాని ఇవతల ముదురు ఆకుపచ్చ, గీత గీసినట్టు. నిన్న మేం ఆ గీతకు ఎటు పక్క ఉన్నామో వేలు పెట్టి చూపించొచ్చు. కెల్ప్‌కి వెలుతురు కావాలి, బురద పెరిగితే లోతున బతకలేదు. అదే హాన్స్‌నెసెట్ దగ్గర 1996-98లో కొలిచి, మళ్లీ 2012-14లో కొలిస్తే రెండున్నర మీటర్ల లోతున కెల్ప్ బరువు చాలా రెట్లు పెరిగింది, అడవి పైకి జరిగింది. ఒడ్డు మంచు తగ్గడం, నీటి వెలుతురు మారడం దీని వెనక ఉన్నాయని చెప్తారు. ఆ పేపర్ నేను వెళ్లకముందే రెండుసార్లు చదివాను. బుర్రకెక్కింది మాత్రం ఆ రాళ్ల మీద కూర్చున్నాకే.

ఆ బ్లోమ్‌స్ట్రాండ్ దీవి సంగతీ పైనుంచే బాగుంటుంది. మ్యాపుల్లో దాని పేరుకు ఇప్పటికీ ద్వీపకల్పం అనే అర్థం వచ్చే తోక ఉంది. కలిపి ఉంచిన మంచు వెనక్కి జరిగాక చూస్తే అది దీవి.

ఒక పువ్వో, రాయో, పాత గని మేకో గుర్తుగా తెచ్చుకోవచ్చా?

పువ్వులు కోయకూడదు, మొక్కలన్నిటికీ రక్షణ ఉంది. అక్కడి ధ్రువపు విల్లో చెట్టు రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. చెట్టే, నిజంగా చెట్టే, మీ బూటు కింద ఉంటుంది. 1946కు ముందు మనుషులు వదిలినది ఏదైనా చారిత్రక వారసత్వమే, తుప్పు పట్టిన మేకు కూడా. రెయిన్‌డీర్ ఎదురైతే దాని దారిన దాన్ని పోనివ్వండి. నీ-ఓలెసున్ ఉన్న ద్వీపకల్పంలో వేటాడి ఖాళీ చేశాక 1978లో మళ్లీ తెచ్చి వదిలిన వాటి సంతతి అవి.

డ్రోన్ తెచ్చుకోవచ్చా?

లేదు. డ్రోన్‌ని నడిపే రేడియో సంకేతాలు సరిగ్గా అక్కడ నిషిద్ధమైన బ్యాండ్‌లోనే ఉంటాయి.

బాత్రూమ్ ఎలా?

చెట్టు చాటు అనేది లేదు. రాయి చాటు. వెళ్లే ముందు ఒకరు ఆ రాయి వెనక ఎలుగు లేదని చూడాలి, తర్వాత అటు తిరిగి నిలబడాలి. మొదటి రోజు సిగ్గుగా ఉంటుంది. కాగితం సంచిలో పెట్టి కిందికి తేవాలి.

## తిరుగు ప్రయాణం

ఆఖరి రోజు డైవ్ చేసి మధ్యాహ్నం విమానం ఎక్కొచ్చా?

ఎక్కకూడదు. నీ-ఓలెసున్ నుంచి లాంగ్‌యర్‌బ్యెన్‌కి వెళ్లేది చిన్న డోర్నియర్ విమానం, అరగంట లోపు ప్రయాణం. పెద్ద విమానాల్లో లాగా లోపల ఒత్తిడి నిలిపి ఉంచే ఏర్పాటు దానికి లేదు. అక్కడి నుంచి అదే రోజు పెద్ద విమానం కూడా ఎక్కుతారు. బయల్దేరే ముందు రోజంతా నీళ్లకు సెలవు ఇవ్వండి. సామాను కడగడానికే ఆ రోజు చాలదు.

ఆ ఖాళీ రోజు కొండెక్కొచ్చా మరి?

ఆఖరి డైవ్ అయ్యి 24 గంటలు దాటితే, సర్దడం అయిపోతే, ఎక్కండి. మా బృందంలో ఇద్దరు వెళ్లారు, నేను వెళ్లలేదు. నా డ్రై సూట్ ఎడమ చేతి సీల్ దగ్గర చిల్లు పడి లోపల తడిసింది. దాన్ని తలకిందులుగా వేలాడదీసి, కాళ్లలోకి హీటర్ గాలి పెట్టి, గంటకోసారి లోపల చెయ్యి పెట్టి చూస్తూ కూర్చున్నాను. తడి సూట్ సంచిలో పెడితే ఇల్లు చేరేసరికి ఆ కంపు భరించలేం. రాత్రి తొమ్మిదికి ఆరింది. వాళ్లిద్దరూ ఎనిమిదికే వచ్చేశారు, పైన పొగమంచు, ఏమీ కనిపించలేదన్నారు.